మొదటి వరుసలో రెండు కుర్చీలు

ఫిబ్రవరిలో నా చేతిలో ఉన్నవి ముందు చెబుతాను. కోల్డ్ స్టోరేజీలో నిరుటి తేజ రకం మిరప కొంత, గుంటూరు యార్డులో నా మాటకున్న విలువ, మా ఆవిడ మల్లేశ్వరి ఎడమ చెవిలో మిగిలిన కాస్త వినికిడి. మొదటి రెండింటినీ ధర చూసుకుని తీరిగ్గా వాడుకోవచ్చు. మూడోదానికి గడువు పడింది.

గడువు పెట్టింది చెవి డాక్టరు గారు. మల్లేశ్వరి కుడి చెవి అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఎడమ చెవికి మిషను పెట్టించాం. ఆ రోజు పరీక్ష కాగితం చూసి ఆయన నన్నొక్కడినే లోపలికి పిలిచాడు.

"ఇదీ దిగిపోతోందండి. ఈ ఎండాకాలం గట్టెక్కుతుందని నేను మాట ఇవ్వలేను."

"పెంచే మార్గం లేదా డాక్టరు గారూ?"

"లేదండి. ఉన్నదాన్ని ఉన్నన్నాళ్ళు వాడుకోవడమే."

ఆ ముక్క నాకు బాగా అర్థమైంది. తడి తగిలిన సరుకు ఇంట్లో పెట్టుకుని ఏడ్చేవాడు వ్యాపారి కాడు. పాడయ్యేలోపు దాని విలువ రాబట్టుకోవాలి. ఇంటికి వెళ్ళగానే ఆమెకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఎదుటివాళ్ళ నోరు కనిపిస్తేనే ఆమెకు మాట అందుతుంది. వంటింట్లో ఉండి పిలిస్తే హాల్లోకి అందదు. ఆమె గోంగూర ఆకు కోస్తోంది.

"నీకేమన్నా వినాలని ఉందా?" అని అడిగాను.

"ఇంకేం వింటాను, ముప్ఫై ఏళ్ళుగా మీ కేకలేగా వింటున్నది."

"నవ్వులాటకి కాదు. నిజంగా అడుగుతున్నాను."

ఆమె నా మొహం వంక చూసింది. డాక్టరు ఏమన్నాడో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆకు కోస్తూనే, "సిద్దికా గారి మగ్గం పాట. ఎదురుగా కూర్చుని వినాలి" అంది.

సిద్దికా గారిది చీరాల. చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ ఆమె పాట కచేరీలు పెట్టించేవాళ్ళు. మగ్గం పాట ఆమె సొంతం. మగ్గం ముందు కూర్చున్న భార్య, చీరలు అమ్ముకురావడానికి వెళ్ళిన మొగుడి కోసం వాకిలి వంక చూస్తూ పాడుకునే పాట. రెండు చరణాలయ్యాక ఇక మాటలుండవు. ఒకే ఊపిరి మీద ఒక ఆలాపన ఉంటుంది. మొగుడు వచ్చాడో లేదో పాటలో చెప్పరు, ఆ ఆలాపనలో ఎవరికి తోచింది వాళ్ళు వినుకోవాలి.

మా పెళ్ళయిన ఏడు పర్చూరులో ఒక పొగాకు వ్యాపారి ఇంట పెళ్ళికి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పందిట్లో ఆమె కచేరీ. మగ్గం పాట రెండో చరణంలో ఉండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. ఆమె మాత్రం ఆగలేదు. మైకు పక్కకి నెట్టి, నాలుగడుగులు ముందుకొచ్చి ఆలాపన ఎత్తుకుంది. విసనకర్రలు విసురుకుంటున్న జనం విసరడం మానేశారు. బంతుల దగ్గర ఆకులు తీస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. అప్పుడు మల్లేశ్వరి నా మోచెయ్యి పట్టుకుంది. కొత్త పెళ్ళికూతురు నలుగురిలో మొగుడి చెయ్యి పట్టుకోవడం ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో లేదు. పాట అయిపోయాక గానీ పట్టుకున్నట్టు ఆమెకే తెలియలేదు.

"ఫోన్లో ఉంటుందేమో, వెతికించనా?" అన్నాను.

"ఫోన్లో ఏ పాటయినా రేకుల మీద వాన పడ్డట్టే ఉంటోంది నాకు. మనిషి ఎదురుగా ఉండాలి. నోరు కనిపించాలి. నోరు కనిపిస్తే తక్కువ పడ్డది నేను కలుపుకుంటాను."

ఆవిడ పాడటం తగ్గించి చాలాకాలమైందని నాకు తెలుసు. కానీ ఆ నెలలోనే బ్రాడీపేటలో గోడల మీద ఆమె బొమ్మతో పోస్టర్లు పడ్డాయి. మార్చి ఆఖరి ఆదివారం గుంటూరులో కచేరీ, ఏసీ హాలు, టికెట్లు ఫోన్లో. ఇన్నాళ్ళ వ్యాపారంలో అవసరం పుట్టిన నెలలోనే సరుకు బజారుకి రావడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

టికెట్లు కొనే పని మా అమ్మాయి అఖిలకి అప్పజెప్పాను. అది మంగళగిరిలో ఉద్యోగం చేస్తుంది. టికెట్లు తెరిచిన పొద్దున ఆఫీసు మానుకుని ఫోను పట్టుకుని కూర్చుంది. కాసేపటికే నాకు ఫోన్ చేసింది.

"నాన్నా, ముందు రెండు వరుసలు అసలు అమ్మకానికే లేవు. మిగతావి చూస్తుండగానే అయిపోతున్నాయి. ఇరవై మూడో వరుసలో పక్కపక్కనే రెండున్నాయి, తీసుకోనా?"

"అక్కణ్ణుంచి నోరు కనిపిస్తుందా?"

"మనిషి కనిపిస్తే గొప్ప నాన్నా."

"అయితే వద్దు."

"అమ్మ కనీసం హాల్లో ఉన్నట్టయినా ఉంటుంది కదా?"

"ఉన్నట్టు ఉండటానికి మనిల్లు లేదూ? వద్దులే."

పనికిరాని సరుకు చవగ్గా వస్తోందని కొనే అలవాటు నాకు లేదు. సాయంత్రం కొట్లో ఈ మాట యలమందయ్యతో అన్నాను. వాడిది పర్చూరు దగ్గర పల్లె. ఏటా తన కాయ నా కొట్టుకే తోలతాడు. చిన్నప్పుడు ప్రత్తిపాడు హైస్కూల్లో ఒకే బెంచీ మాది.

"ఒరేయ్ కోటిలింగం, పాటకి టికెట్టేమిట్రా నీ మొహం? మా ఊళ్ళో అయితే మైకు కట్టి మరీ మనం వద్దన్నా వినిపిస్తారు" అన్నాడు.

"ముందు వరుస కావాల్రా."

"ముందు వరుసలో కూర్చుని ఏం చేస్తావు? తాలు కాయలు ఏరతావా?"

"మల్లేశ్వరికిరా."

వాడికి చెవి సంగతి తెలుసు. నవ్వడం మానేశాడు. "అరండల్‌పేటలో ఒకడు బ్లాకులో అమ్ముతున్నాట్ట. అడగనా?" అన్నాడు.

అడిగించాను. వాడి దగ్గర మూడో వరుస ఉంది. చెప్పిన ధరకి రెండు టిక్కీలు, అంటే రెండు బస్తాల తేజ వస్తుంది. ఒక పక్కన ఉన్నవి కాబట్టి అక్కణ్ణుంచి నోరు సగమే కనిపిస్తుంది. మామూలుగా అయితే నేను ఆఖరి రోజు దాకా ఆగేవాణ్ణి. మిరపని ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టి ఏడాది ఆగొచ్చు. టికెట్టు ఆ సాయంత్రం దాటితే ఉత్త కాగితం. ఆ భయంతో వాడే ధర దించుతాడు. కానీ వాడి టికెట్టుకి ఎంత గడువుందో మా ఆవిడ చెవికి అంతకంటే ఎక్కువ లేదు. గడువు తక్కువున్నవాడు బేరంలో కూర్చోకూడదని నాకు యార్డు నేర్పింది. అందుకని చిల్లర బేరగాణ్ణి వదిలేసి, సరుకు పుట్టిన చోటికే వెళ్ళాను.

కచేరీ పెట్టిస్తున్నది ఇమ్మానుయేలు గారు. బ్రాడీపేటలో ఒక మేడ మీద ఆయన ఆఫీసు. మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు.

"మొదటి వరుస అమ్మమండి కోటిలింగం గారూ. అది సన్మానం చేసేవాళ్ళకి. శాలువా కప్పి దండ వేస్తారు, ఫోటో తీస్తాం. దాంతోపాటు రెండు కుర్చీలు."

"శాలువా మీరిస్తారా?"

"ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలండి. సన్మానం కార్యక్రమం చివర్లో ఉంటుంది."

"సరే, నేను చేస్తాను. కాకపోతే మూడు సంగతులు. మైకుకి సూటిగా ఎదురున్న కుర్చీలివ్వాలి. సన్మానం చివర్లో కాదు, మధ్యలో పెట్టాలి. అది కాగానే మగ్గం పాట పాడించాలి."

"మొదటి రెండూ నా చేతిలోవి. మూడోది కష్టమండి. ఆవిడ ఆ పాట పాడటం మానేశారు. ఊపిరి చాలడం లేదంటున్నారు."

"ఒకసారి అడగండి. లేదంటే లేదు."

ఆయన ఫోన్ కలిపి నేను అడిగింది చెప్పాడు. అటునుంచి ఏదో ప్రశ్న వచ్చింది. ఫోను నా చేతికిచ్చాడు.

"ఎవరి కోసం నాయనా?" అంది ఒక ముసలి గొంతు.

నేను బేరానికి వెళ్ళినవాణ్ణి. బేరంలో అవసరం బయటపెట్టకూడదు. అయినా ఆవిడకి మొత్తం చెప్పాను. చెవి సంగతి, ఎండాకాలం సంగతి, పర్చూరు పెళ్ళి సంగతి.

"మధ్యాహ్నం పూట కరెంటు పోయింది, ఆ పెళ్ళేనా?"

"అదేనమ్మా."

ఆవిడ అంది, "మా చెల్లెలికి చెప్పు. ఒక్కసారికి సరిపడా ఊపిరి దాచిపెడతాను. ముందు కూర్చోమను."

మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. రావలసినవన్నీ వచ్చాయి, ఇచ్చింది తక్కువ. నా జీవితంలో అంత మంచి బేరం చెయ్యలేదని అనుకున్నాను. ఇంటికి వచ్చి మల్లేశ్వరికి ఎదురుగా నిలబడి ఆవిడ మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆమె రెండోసారి చెప్పించుకుంది. మూడోసారి కూడా చెప్పించుకుంది. వినబడక కాదని నాకు తెలుసు.

శాలువా బజార్లో కొనాలనిపించలేదు. మంగళగిరిలో నాకు తెలిసిన నేత కుటుంబం ఉంది. "శాలువాలు మేం నెయ్యమండి, చీరలే" అన్నారు. "చీర పనితనమే, కొలత మార్చండి" అన్నాను. నూలులో పట్టు కలిపి, ఎర్రటి నేత మీద జరీ అంచుతో నేశారు. కచేరీకి రెండు వారాల ముందే చేతికొచ్చింది. పొద్దున్నించీ రాత్రి దాకా నేనుండేది కొట్లోనే కాబట్టి కొట్టు బీరువాలో పెట్టాను.

మార్చి అంటే యార్డుకి పెద్ద సీజను. టిక్కీల మీద టిక్కీలు దిగుతుంటాయి. మూటలు విప్పి కాయ గుమ్మరిస్తారు, నమూనా చూస్తారు, మళ్ళీ ఎత్తుతారు. గాలే ఎర్రగా ఉంటుంది. కొత్తవాళ్ళు గేటు దగ్గరే తుమ్ములు మొదలుపెడతారు. మాకు మాత్రం ఏమీ తెలియదు. పుట్టుకతో వచ్చిన ముక్కు పేరుకే ఉంటుంది.

శాలువా సంగతి యార్డంతా తెలిసింది. వచ్చినవాడల్లా చూపించమనేవాడు. మా దగ్గర ఏ సరుకునీ మూట మీద చూసి మెచ్చుకోరు. విప్పాలి, చేతిలోకి తీసుకోవాలి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూడాలి. శాలువానీ అలాగే చూశారు. రైతులు చూశారు, కాటా వేసేవాళ్ళు చూశారు, తొడిమలు తీసే ఆడవాళ్ళు పని మధ్యలో లేచి వచ్చి అంచు నలిపి, "బాగుందయ్యా" అని వెళ్ళారు. యలమందయ్య అయితే దాన్ని భుజాన వేసుకుని టిక్కీల మధ్య అటూ ఇటూ నడిచాడు.

"ఎలా ఉన్నాన్రా? నాకూ ఒక సన్మానం చెయ్యకూడదూ?"

"నీకు గోనెసంచి కప్పుతాను, దిగు."

"కప్పరా. ముప్ఫై ఏళ్ళు నీ కొట్టుకి కాయ తోలినందుకు అదన్నా దక్కుతుంది."

అందరం నవ్వాం. నేను జాగ్రత్తగా మడిచి మళ్ళీ బీరువాలో పెట్టాను.

కచేరీ రోజు నేను చెయ్యని జాగ్రత్త లేదు. యార్డులో పనికి దిగలేదు. యార్డులోకి వేసుకెళ్ళిన చొక్కాతో నలుగురిలోకి వెళితే పక్కవాళ్ళు తుమ్ముతారని నాకు తెలుసు. రెండుసార్లు తలంటుకున్నాను, కొత్త పంచె కట్టాను, చెప్పులు కూడా మార్చాను. దోవలో కారు ఆపి, లోపల నిమిషం కూడా నిలబడకుండా కొట్లోంచి శాలువా తెచ్చి కొత్త కవర్లో పెట్టుకున్నాను. మళ్ళీ బయల్దేరాక డ్రైవరు వరసగా తుమ్మాడు. జలుబు చేసిందేమోనని ఏసీ తగ్గించమన్నాను. వెనక సీట్లో మల్లేశ్వరి కిటికీలోంచి బయటికి చూస్తోంది. చెవిలో మిషను, తలలో మల్లెలు.

కుర్చీలు ఇమ్మానుయేలు గారు అన్నట్టే ఇచ్చాడు. మైకుకి సూటిగా ఎదురు. వేదిక మీద చాప వేసి హార్మోనియం, తబలా పెట్టారు. సిద్దికా గారిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. చిన్న మనిషి, తెల్లచీర, పల్చటి తెల్ల జుట్టు. కూర్చున్నాక ఒక్కసారి మా వైపు చూసి చెయ్యెత్తింది. మల్లేశ్వరి లేచి రెండు చేతులూ జోడించింది.

మొదటి రెండు పాటలూ ఆమెకు అందాయి. పెదవులు చూస్తూ తొడ మీద తాళం వేసింది. మధ్యలో నా వైపు వంగి, "తబలా కాళ్ళలోకి వస్తోంది" అంది. ఆమె అనుకున్న దానికంటే గట్టిగా పలికినట్టుంది, వెనక వరుసవాళ్ళు నవ్వారు.

తర్వాత నా పేరు పిలిచారు. వేదిక ఎక్కి దండ వేశాను. శాలువా మడత విప్పి దులిపి, ఆవిడ భుజాల చుట్టూ నిండుగా కప్పాను. ఫోటో తీశారు. "చలేస్తోంది నాయనా, మంచిపని చేశావు" అని ఆవిడ దాన్ని మెడ దాకా లాక్కుంది. ఏసీ గాలి సూటిగా వేదిక మీదికి వస్తోంది. నేను కిందికి వచ్చి కూర్చున్నాను.

హార్మోనియం మొదలైంది. మల్లేశ్వరి వెన్ను నిటారుగా పెట్టి కుర్చీ చివరికి జరిగింది. పల్లవి వచ్చింది. గొంతు సన్నబడింది గానీ పాట అదే. మొదటి చరణంలో ఆవిడ రెండుసార్లు గొంతు సవరించుకుంది. వయసనుకున్నాను. రెండో చరణంలో కళ్ళు తుడుచుకుంది. పాట మీద ప్రేమనుకున్నాను. చరణం అయింది. ఆవిడ కళ్ళు మూసుకుని, శాలువా మెడకి అదిమిపట్టుకుని, ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది.

మల్లేశ్వరి చెయ్యి నా మోచేతి మీదికి వచ్చింది.

ఆలాపన రాలేదు. నోరు తెరిచే ఉంది, గొంతులోంచి గాలి బయటికి రావడం లేదు. తర్వాత దగ్గు మొదలైంది. అది మామూలు దగ్గు కాదు. మా యార్డుకి మొదటిసారి వచ్చినవాళ్ళు దగ్గుతారే, అది. దాన్ని నేనెక్కడ విన్నా గుర్తుపడతాను. తబలా ఆయన తుమ్మాడు. హార్మోనియం ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇమ్మానుయేలు గారు పరుగెత్తుకొచ్చి ఆవిడ భుజాల మీది శాలువా లాగేసి వేదిక అంచున పడేశాడు.

"ఏమిటండీ ఇది! మిరప ఘాటు! దీన్ని ఎక్కడ పెట్టారండీ?" అని వేదిక మీంచే అరిచాడు.

ఆవిడని లోపలికి ఎత్తుకెళ్ళారు. హాలంతా లేచి నిలబడింది. మల్లేశ్వరి ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె వేదిక వంక కాదు, నా నోటి వంక చూస్తోంది.

"పాట ఆగిందా, నా చెవి ఆగిందా?"

"పాటే ఆగింది" అన్నాను.

"ఆవిడ నోరు తెరిచే ఉందిగా. నేను చూశానుగా. నాకేం వినపడలేదు."

"దగ్గొచ్చింది. పాట రాలేదు."

"గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను. జనం మాటల్లో అదీ అందలేదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే అరవాలి. యార్డులో వేలం పాట అరిచిన గొంతు నాది, అరవడానికి కష్టం లేదు. "శాలువాలో మిరప దుమ్ముంది! కొట్లో పెట్టాను! దాంతో ఆవిడ గొంతు పట్టేసింది! నీ చెవికేం కాలేదు!" అని అరిచాను. హాలు మొత్తం మా వైపు తిరిగింది. అంతమందికీ అర్థమైంది.

మల్లేశ్వరి లేచి వెళ్ళి వేదిక అంచున పడి ఉన్న శాలువా తీసుకుంది. మొహానికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా వాసన చూసింది. మళ్ళీ చూసింది. దగ్గలేదు, తుమ్మలేదు. ముప్ఫై ఏళ్ళుగా నా చొక్కాలు ఉతికిన మనిషి.

"ఇందులో ఏ వాసనా లేదు" అంది మెల్లగా. "నన్ను ఓదార్చడానికి ఇంతమందిలో అబద్ధమెందుకండీ? పోయేది ఎప్పుడో ఒకప్పుడు పోతుందని నాకు తెలుసు. ఇవాళ పోయింది."

శాలువా తీసుకుని వాసన చూశాను. ఆమె అన్నది నిజమే. నాకూ ఏమీ రాలేదు.

కారులో ఆమె మిషను తీసి డబ్బాలో పెట్టింది. మళ్ళీ పెట్టుకోమని ఇంట్లో నేనూ అఖిలా ఎంత చెప్పినా వినలేదు. కాగితం మీద రాసి చూపించాం. అఖిల మర్నాటి పత్రికలో వచ్చిన వార్త కూడా తెచ్చి చూపించింది. అందులో గాయనికి అస్వస్థత అని ఉంది గానీ శాలువా మాట లేదు. ఇమ్మానుయేలు గారే నా పరువు పోకుండా ఆపించాడని తర్వాత తెలిసింది. ఆ మంచితనమే నాకు అడ్డం వచ్చింది. ఆయనతోనే చెప్పిద్దామని ఇంటికి పిలుచుకొచ్చాను. ఆయన చెప్పిందంతా మల్లేశ్వరి ఓపిగ్గా పెదవుల మీద చూసి, "మీరు చెప్పమంటే ఆయనెందుకు చెప్పడు?" అంది నాతో. డాక్టరు దగ్గరికి పరీక్షకి రమ్మంటే, పోయినదానికి కొలతలెందుకంది.

ఏప్రిల్లో ఇమ్మానుయేలు గారు మళ్ళీ ఫోన్ చేశాడు. సిద్దికా గారు కోలుకుంది. మే నెలలో ఒంగోలులో కచేరీ. "ఆవిడ మీ ఆవిడ గురించి అడిగారండి. మగ్గం పాట బాకీ ఉంది, చెల్లెల్ని తీసుకురమ్మన్నారు. మొదటి వరుసలో మీ రెండు కుర్చీలూ పెట్టాను, టికెట్లు పంపుతున్నాను. శాలువా మాత్రం వద్దండి బాబూ."

మల్లేశ్వరి ముందు కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. ఆమెకి మొత్తం అందింది.

"నా చెవి ఉంటే నన్ను మీరు బతిమాలాలా? నేనే మిమ్మల్ని లాక్కుపోయేదాన్ని. పిచ్చిదాన్నా మళ్ళీ ఆ ముందు కుర్చీలో కూర్చుని ఆ నోరు చూడటానికి? వద్దు. ఇంకెవరికైనా ఇవ్వండి."

ఇవ్వలేదు. అమ్మలేదు. బయల్దేరే రోజు దాకా, బయల్దేరే వేళ దాకా మనసు మారుతుందని చూశాను. ఎప్పుడు ఆగాలో ఎప్పుడు వదిలెయ్యాలో నాకు తెలుసని యార్డులో పేరు. ఆ సాయంత్రం రెండు టికెట్లు నా జేబులోనే కుళ్ళాయి.

మర్నాడు అఖిల ఫోన్లో ఒంగోలు వీడియో చూపించింది. సిద్దికా గారు మగ్గం పాట పూర్తిగా పాడింది. ఆలాపన మొత్తం, ఒకే ఊపిరి మీద. పాడుతున్నంతసేపూ ఆవిడ ఎదురుగా ఒక చోటికే చూస్తోంది. వీడియో తీసినవాడు చివర్లో ఫోను తిప్పాడు. హాలు నిండా జనం, చప్పట్లు. మొదటి వరుస మధ్యలో రెండు కుర్చీలు ఖాళీ.

అప్పటికి మల్లేశ్వరికి వినికిడి ఉందని నాకు తెలుసు. వంటింట్లో కుక్కర్ కూత వేస్తే తల తిప్పేది. మిషను లేకుండానే. తనకి అలవాటు కొద్దీ తెలుస్తోంది అనుకునేది. జూన్లో తొలకరికి ముందే అదీ ఆగిపోయింది. కుక్కర్ కూతలు వేస్తూ ఉంటే ఆమె స్టవ్ పక్కనే నిలబడి కూర తరుగుతూ ఉంది. నేను వెళ్ళి కట్టేశాను.

శాలువా ఆమె ఉతకనివ్వలేదు. సిద్దికా గారి భుజాన పడ్డది, అలాగే ఉండాలంది. మడిచి ట్రంకు పెట్టెలో పెట్టుకుంది.

ఆగస్టులో అఖిల తన స్నేహితురాలు సౌజన్యని ఇంటికి తీసుకొచ్చింది. విశాఖ పిల్ల. వానలో తడిసి వచ్చింది. వణుకుతుంటే మల్లేశ్వరికి జాలేసింది. చేతికందింది తెద్దామని పెట్టె తెరిచి, ఆ శాలువా తెచ్చి పిల్ల భుజాల చుట్టూ కప్పింది.

సౌజన్య ముందు ఒకసారి తుమ్మింది. తర్వాత ఆగకుండా తుమ్మింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. దగ్గుతూ శాలువా తీసి సోఫా మీద పడేసి, "అయ్యో ఆంటీ, సారీ, ఇందులో మిరపకాయలేమైనా..." అంటూ కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

మల్లేశ్వరికి ఆ మాటలు వినబడలేదు. వినబడాల్సిన అవసరం లేదు. పిల్ల నోరు తెరిచి ఉండటం, గాలి అందకపోవడం, గొంతు పట్టుకోవడం చూసింది. ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. సోఫా మీది శాలువా వంక చూసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయితే ఆ రోజు పాటే ఆగిందా?"

తల ఊపాను.

"ఒంగోలులో పాడిందా?"

అక్కడ అబద్ధం చెప్పొచ్చు. చెబితే నష్టం తగ్గేది. కానీ నిజం చెప్పిన రోజు ఆమె నమ్మలేదు. ఇవాళ అబద్ధం చెబితే దాన్నే నమ్ముతుంది. నా వల్ల కాలేదు. తల ఊపాను.

"మొత్తం పాడిందా?"

ఊపాను.

ఆమె సౌజన్యకి మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది, వీపు నిమిరింది. తర్వాత శాలువా తీసి బకెట్లో నానబెట్టింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

ఏసీలో పెట్టిన తేజ ఈ ఏడు మంచి ధరకే పోయింది. యార్డులో నా మాటకి విలువ తగ్గలేదు. ఇక ఆ చెవి ఖర్చయినందుకు వచ్చింది చెప్పాలి. రెండు మామూలు పాటలు, మగ్గం పాటలో పల్లవి ఒకసారి, రెండు చరణాలు. ఆ తర్వాత సిద్దికా గారు ఆలాపన కోసం కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకోవడం, నా మోచేతి మీద మల్లేశ్వరి చెయ్యి. రాబడి అంతవరకే.